బెజవాడ నుంచి ఒక్క రోజులో వెళ్ళొచ్చేలా అడవి ఆర్కిడ్లు, కొండ పూల ఫొటోలు: ఎక్కడ, ఎప్పుడు, ఎట్టా తీయాలి?

పటమట_పిల్ల అడిగారు:

అందరికీ నమస్తే. మాది విజయవాడే. నా దగ్గర క్యానన్ క్రాప్ సెన్సార్ (చిన్న సెన్సార్) కెమెరా, దాంతో పాటొచ్చిన 18-55 మి.మీ. లెన్స్, తర్వాత సెకండ్ హ్యాండ్‌లో కొన్న 55-250 మి.మీ. జూమ్ లెన్స్ ఉన్నాయి, చిన్నవాటిని బాగా దగ్గరగా తీసే మాక్రో లెన్స్ లేదు, ఇప్పట్లో కొనే ఆలోచన కూడా లేదు. ఇన్నాళ్ళూ బందరు కాలవ గట్టునా, కృష్ణ ఒడ్డునా కనపడే పూలే తీస్తున్నా, తంగేడు, జిల్లేడు, శంఖుపువ్వు అట్టాంటివి. ఇప్పుడు కొండెక్కి అడవి పూలు తీయాలని బాగా కోరికగా ఉంది, ముఖ్యంగా ఆర్కిడ్లు. ఈ ఆగస్టులో ఒక ఆదివారం నేనూ మా తమ్ముడూ బండి మీద తెల్లారుజామునే బయల్దేరి చీకటి పడేలోపు ఇంటికొచ్చేయాలి, రాత్రి ఉండటానికి ఇంట్లో ఒప్పుకోరు.

అసలు మన చుట్టుపక్కల కొండల మీద ఆర్కిడ్లు ఉంటాయా లేక అరకు దాకా పోవాల్సిందేనా? కొండపల్లి మంచిదా కొండవీడు మంచిదా? ఇంకో సమస్య ఏంటంటే తెల్ల పువ్వు తీస్తే రేకుల్లో గీతలు కనపడకుండా తెల్లటి మచ్చలా వస్తంది, ఎర్ర పువ్వు తీస్తే ముద్దగా వస్తంది, గాలికి ఊగేది అయితే ఇంక చెప్పక్కర్లేదు. ఉన్న లెన్సులతోనే ఎట్టా మెరుగ్గా తీయాలో తెలిసినవాళ్ళు కాస్త వివరంగా చెప్పండి ప్లీజ్.

కొండగోగు:

చెల్లెమ్మా, ముందు ఆర్కిడ్ల సంగతి చెప్తా. అరకు, అనంతగిరి, మారేడుమిల్లి వైపు ఉన్నన్ని రకాలు మన దగ్గర ఉండవు. చెట్టు మీద బతికే ఆర్కిడ్ వేరు నేలలోకి దిగదు కదా, గాల్లో తేమా, బెరడు మీద జారే వాన నీళ్ళే దానికి ఆధారం, అందుకే ఎత్తూ మంచూ ఉన్నచోట అన్ని రకాలు. మన కొండపల్లి, కొండవీడు, మంగళగిరి కొండలు ఎత్తు తక్కువ, ఎండ ఎక్కువ, మే నెలలో బండ మీద కాలు పెట్టలేం. అంత ఎండకి ఓర్చుకునే మొక్కలే ఇక్కడ నిలబడతాయి. అరకు మాత్రం ఒక్క రోజులో వెళ్ళొచ్చే పని కాదు, అది ఇంకోసారికి ఉంచుకోండి.

అట్టాగని ఇక్కడేం లేవని కాదు. వాండా టెసెల్లేటా అని ఒకటుంది, మన ఆంధ్రా అంతటా ఉండే ఆర్కిడ్ అది. పొడుగాటి దళసరి ఆకులు అటొకటి ఇటొకటి వరసగా, వాటి మధ్యలోంచి పూల కాడ, పసుపూ ఆకుపచ్చా కలిసిన రేకుల మీద గోధుమరంగు గళ్ళు, కింద పెదవిలా ఉండే రేకు మాత్రం ఊదా నీలం. దగ్గరికెళితే మంచి వాసన కూడా. దీనికి అడవే కావాలని లేదు, ముసలి మామిడి, వేప, చింత చెట్ల మీద కూడా పెరుగుతుంది, నూజివీడు వైపు పాత తోటల్లో రైతుని అడిగి కొమ్మలు చూడండి. దీన్ని కూడా బదనికే అనుకుని చెట్టు రసం పీల్చేస్తదని కొందరు కొట్టేస్తారు, నిజానికి ఇది చెట్టుని పట్టుకుని కూర్చుంటదే గానీ దాని నుంచి ఏమీ తీసుకోదు. ఎండాకాలం నుంచి వానల దాకా పూస్తుంది. వేర్లు కూడా తీయండి, పొడిగా ఉన్నప్పుడు వెండి రంగులో ఉండి వాన తగలగానే పచ్చగా అవుతాయి, పైన ఉన్న బెండులాంటి పొర నీళ్ళు పీల్చుకుని లోపలి పచ్చదనం బయటికి కనపడతది. వాన వెలిసిన వెంటనే తీసిన ఫొటోకీ మామూలు రోజు తీసిన ఫొటోకీ చాలా తేడా ఉంటుంది.

రెండోది నేల ఆర్కిడ్లు. హబెనేరియా రకాలు తూర్పు కనుమల్లో చాలాచోట్ల ఉన్నాయి. ఏడాదిలో ఎక్కువ భాగం నేలలో దుంపగా పడుకుని, వానలు పడ్డాక ఆకేసి, జులై నుంచి సెప్టెంబరు మధ్య తెల్లగానో లేత ఆకుపచ్చగానో పూసి మళ్ళీ మాయమైపోతాయి. పువ్వు వెనకాల సన్నటి తోక లాంటి గొట్టం ఉంటుంది, తేనె అందులోనే ఉంటుంది, పొడుగు నాలుక ఉన్న చిమ్మటలు వచ్చి తాగుతాయి. కాబట్టి మీరు ఆగస్టు పెట్టుకోవటం సరైన పనే. కాకపోతే గడ్డిలో కలిసిపోయి ఉంటాయి, నడుస్తా చూస్తే కనపడవు, కూర్చుని చూడాలి.

కొండపల్లి మీకు దగ్గర, ఇరవై కిలోమీటర్లే, ఖిల్లా దాకా రోడ్డుంది. కొండవీడు గుంటూరు వైపు, అక్కడ కూడా ఘాట్ రోడ్డు వేశారు, పైన చెరువులు ఉన్నాయి కాబట్టి తడి నేల పూలు ఎక్కువ. మొదటిసారి కాబట్టి కొండపల్లి వెళ్ళండి, దూరం తక్కువైతే తెల్లారేసరికి పైన ఉంటారు. అక్కడి ఊళ్ళో బొమ్మలు చేసేవాళ్ళని పలకరించండి, వాళ్ళు వాడే తెల్ల పొణికి చెట్టు ఈ అడవుల్లోదే, దారులు వాళ్ళకి తెలుసు, ఏ వైపు ఏం పూసిందో చెప్తారు.

ఆర్కిడ్ కనపడకపోయినా దిగులు పడకండి. ఆగస్టులో అడవినాభి పూస్తుంది, అది ఒక్కటి దొరికితే చాలు రోజంతా గడిచిపోద్ది. ఆకు చివర సన్నగా మెలి తిరిగి పక్క కంపని పట్టుకుని ఎక్కుతుంది, రేకులు వెనక్కి మడుచుకుని మొదట ఆకుపచ్చగా, తర్వాత కింద పసుపు పైన ఎరుపు, చివరికి మొత్తం ఎర్రగా మారతాయి. ఒకే తీగ మీద ఈ మూడు దశలూ దొరుకుతాయి, ఆ మూడూ ఒకే ఫ్రేములో పెట్టే కోణం వెతకండి. తుంచొద్దు, దుంపలోనే కాదు మొక్కంతా విషమే, చేత్తో పట్టుకుంటే తినే ముందు శుభ్రంగా కడుక్కోండి. విష్ణుక్రాంతం కూడా ఉంటుంది, గోరంత నీలం పువ్వు, పొద్దున విచ్చుకుని మధ్యాహ్నానికి ముడుచుకుంటుంది కాబట్టి దాన్ని ముందు తీసేయండి. మళ్ళీ ఫిబ్రవరి మార్చిలో ఒకసారి వెళితే ఆకురాల్చిన కొండ మీద మోదుగ ఎరుపూ, కొండగోగు పసుపూ కనపడతాయి, అది పూర్తిగా వేరే లోకం.

గుంటూరు_మాక్రో:

కొండగోగు గారు చోటు సంగతి చక్కగా చెప్పారు, నేను కెమెరా సంగతి చెప్తానండి. మాక్రో లెన్స్ లేకపోతే ఏం కాదు. మీ 55-250 ముందు బిగించే క్లోజప్ లెన్స్ ఒకటి కొనండి, రేనాక్స్ డీసీఆర్ 150 అని ఉంటుంది, క్లిప్పుతో పట్టేస్తుంది. 250 దగ్గర పెట్టి తీస్తే పువ్వు సెన్సార్ మీద అసలు సైజుకన్నా కొంచెం పెద్దగానే పడుతుంది, పైగా పువ్వుకి ఇరవై సెంటీమీటర్ల దూరంలో ఉండొచ్చు కాబట్టి మీ నీడ పడదు, పక్క మొక్క నలగదు. విష్ణుక్రాంతం లాంటి చిన్నవాటికి అది. 18-55 అయితే పాతిక సెంటీమీటర్ల దాకా దగ్గరికి పోతుంది, దాన్ని 18 దగ్గర పెట్టి పువ్వుని ముందు, కోట గోడనో లోయనో వెనక పెట్టి తీయండి. నా మటుకు నాకు ఆ ఫొటోలే ఎక్కువ ఇష్టం, వెనకాల అంతా మసక చేసిన పువ్వు ఏ నర్సరీలో తీసినా అట్టాగే ఉంటుంది, అది కొండపల్లి పువ్వని తెలిసేది వెనక కొండ కనపడితేనే.

అంత దగ్గరికెళ్ళాక ఫోకస్ ఉండే మందం చాలా తక్కువ. అసలు సైజులో తీసేటప్పుడు లెన్స్ రంధ్రాన్ని ఎఫ్ 8 దాకా మూసినా ఒక మిల్లీమీటరు లోపే స్పష్టంగా ఉంటుంది. అందుకే పువ్వుకి ఏ వైపు నుంచి తీస్తున్నామన్నదే మొత్తం నిర్ణయిస్తుంది. ఆర్కిడ్‌కి అయితే మధ్యలో ఉండే స్తంభం (కేసరమూ కీలాగ్రమూ కలిసిన భాగం), దాని కింద పెదవి, ఈ రెండూ సెన్సార్‌కి సమాంతరంగా వచ్చేలా కూర్చోండి, చివరి రేకు మసకైనా పర్లేదు కానీ ఆ మధ్య భాగం మసకైతే ఫొటో పోయినట్టే. ఎఫ్ 8 నుంచి 11 మధ్య ఉంచండి, ఇంకా ముయ్యటం వల్ల పెద్దగా లాభం లేదు, సన్నటి రంధ్రం అంచుల్లో కాంతి వంగటం (డిఫ్రాక్షన్) వల్ల ఫొటో మొత్తం మెత్తబడిపోద్ది. ఆటో ఫోకస్ కట్టేసి, రింగు ఒకచోట పెట్టి, మీరే ఒళ్ళు ముందుకీ వెనక్కీ మిల్లీమీటరు మిల్లీమీటరు ఊగుతా వరసగా నాలుగైదు కొట్టండి, అందులో ఒకటి కుదురుతుంది.

ఫొటోలో తెల్ల పువ్వు గీతలు పోయి మచ్చలా రావటానికి కారణం చెప్తా. ఫ్రేములో ఎక్కువ భాగం ముదురాకుపచ్చ ఉంటుంది కదా, కెమెరా ఆ చీకటిని చూసి ఇంకా వెలుతురు కావాలనుకుని పెంచేస్తుంది, పువ్వు బలైపోతుంది. ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ (వెలుతురుని మనమే పెంచి తగ్గించే సెట్టింగు) మైనస్ రెండు బై మూడు దగ్గర మొదలుపెట్టి హిస్టోగ్రామ్ (ఫొటోలో చీకటీ వెలుగూ ఎంతెంత ఉన్నాయో చూపే గ్రాఫు) కుడి గోడకి తగలకుండా చూసుకోండి. ఎరుపుకి మాత్రం మామూలు హిస్టోగ్రామ్ చాలదు, మూడు రంగులు విడివిడిగా చూపించేది ఆన్ చేయండి. అడవినాభి తీసినప్పుడు మొత్తం బాగానే ఉన్నట్టు కనపడి ఎరుపు గీత ఒక్కటీ గోడకి గుద్దుకుని ఉంటుంది, రేకు ముద్దగా రావటానికి అదే కారణం. సెన్సార్ సమాచారం మొత్తం దాచిపెట్టే రా ఫార్మాట్‌లో తీయండి, తర్వాత సరిచేసుకోటానికి వీలుంటుంది.

వెలుతురు ఆగస్టులో ఆరు నుంచి ఎనిమిదిన్నర దాకే మంచిది, తర్వాత మన ఎండ నిటారుగా పడుతుంది. మబ్బు పట్టిన రోజైతే రోజంతా తీయొచ్చు, పూలకి అంతకన్నా మంచి వెలుతురు లేదు. ఎండొస్తే తెల్ల గొడుగు ఒకటి తమ్ముడికిచ్చి నిలబెట్టండి, నీడా మెత్తగా వస్తుంది, గాలీ ఆగుతుంది. షట్టర్ వేగం సెకనులో 250వ వంతుకి తగ్గనీయకండి, దానికోసం వెలుతురుని పెంచి చూపే ఐఎస్ఓ 800, 1600 పెట్టినా పర్లేదు, దానివల్ల వచ్చే గరుకు తర్వాత తగ్గించొచ్చు గానీ ఊగిన పువ్వుని సరిచేయలేం. ఇంకోటి, కోట గోడ అంచు మీద ఎప్పుడూ గాలే, అదే రకం పువ్వు కాస్త కిందకి దిగి గాలి తగలని వాలులో వెతికితే కదలకుండా దొరుకుతుంది.

చెట్టు మీద వాండా అయితే కిందనుంచి తీయొద్దు, వెనక తెల్లటి ఆకాశం వచ్చి పువ్వు నల్లబడిపోద్ది. కొండ దారిలో ఉన్న సౌకర్యం ఏంటంటే వాలుకి పైవైపు నిలబడితే కింద ఉన్న చెట్టు కొమ్మలు మన కంటి ఎత్తుకి వస్తాయి, అక్కణ్ణుంచి 250తో తీస్తే వెనకాల పచ్చటి లోయ వస్తుంది.

సత్తెనపల్లి_బుల్లెట్:

నాదొక చిన్న టిప్పు. నేల మీద పూలకి చుట్టూ గడ్డి అడ్డమొస్తది, అది పీకేసి శుభ్రం చేసి వెనకాల నల్ల గుడ్డ ఒకటి పట్టుకుంటే స్టూడియోలో తీసినట్టు వస్తది. నేనట్టాగే తీస్తా, అందరూ బాగున్నాయంటారు.

పసరాకు:

పై మిత్రుడికి, కోపంగా అనుకోకండి, కానీ గడ్డి పీకే సలహా దయచేసి ఎవరూ పాటించొద్దు. నేను చాలా ఏళ్ళు కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పాను, పిల్లల్ని ఈ కొండలకి తీసుకెళ్ళేవాణ్ణి, అందుకే ఇంత గట్టిగా అంటున్నా.

నేల ఆర్కిడ్‌కి ఆ గడ్డే గొడుగు. నేల ఎండకుండా చూసేది అదే, మేకల కంటికి కనపడకుండా దాచేదీ అదే. ఫొటో కోసం చుట్టూ శుభ్రం చేసి వెళ్ళిపోతే మధ్యాహ్నం ఎండకి కాడ వాలిపోద్ది, లేదంటే సాయంత్రం మందలో మొదటి మేకకి అది కనపడిపోద్ది. కాయ కట్టకపోతే ఆ ఏడాది విత్తనం లేదు. ఆర్కిడ్ విత్తనం సంగతి వినండి, కాయలో వేలకి వేలు ఉంటాయి, కానీ దుమ్ములాగా ఉంటాయి, మన వడ్లగింజలోనో కందిగింజలోనో ఉన్నట్టు మొలకకి తిండి లోపల నిలవ ఉండదు. నేలలో ఉండే ఒక రకం బూజు ఆ విత్తనంలోకి చేరి తిండి అందిస్తేనే మొలక బతుకుతుంది. అన్ని వేలల్లో ఎక్కడో ఒకటి మొలిచి పువ్వు పూసే వయసుకి రావటానికి ఏళ్ళు పడుతుంది. ఇంటికి తీసుకెళ్ళి కుండీలో పెడదామని దుంప తవ్వేవాళ్ళు కూడా ఈ సంగతి తెలుసుకోవాలి, ఆ బూజూ ఆ నేలా లేకుండా చాలావరకు చచ్చిపోతాయి. పైగా రిజర్వ్ ఫారెస్టులో మొక్క పీకటం 1967 ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం కింద నేరం.

అడ్డమొచ్చిన గడ్డిని పీకకుండా పక్కకి వంచి మెత్తటి దారంతో వదులుగా కట్టండి, ఫొటో అయిపోయాక విప్పేసి చేత్తో మళ్ళీ లేపండి, నిమిషంలో మామూలుగా అయిపోతుంది. మోకాలు పెట్టే ముందు కింద ఇంకో మొలక ఉందేమో చూడండి, ఆర్కిడ్లు ఉన్నచోట పూయని చిన్న మొక్కలు చుట్టూ ఉంటాయి, ఒంటి ఆకుతో ఉంటాయి కాబట్టి గడ్డే అనుకుని తొక్కేస్తాం. నల్ల గుడ్డ విషయంలో నాకు అభ్యంతరం లేదు, కాడ స్పష్టంగా కనపడటానికి ఒక ఫొటో అట్టా తీసుకోవచ్చు.

ఇంకో ముఖ్యమైన సంగతి అమ్మా. ఫోనులో లొకేషన్ ఆపేసి తీయండి. ఫేస్‌బుక్‌లో పెట్టేటప్పుడు కొండపల్లి అని రాస్తే చాలు, ఏ బురుజు పక్కన, ఏ మలుపు దగ్గర అని రాయొద్దు. మొక్కలూ జంతువుల ఫొటోలు నమోదు చేసే ఐనాచురలిస్ట్ సైటులో పెడితే చోటు దాచే సెట్టింగు ఉంది, అది పెట్టుకోండి. అడవినాభి దుంప మందులకని తవ్వి అమ్ముతారు, ఆర్కిడ్లు తోటల మోజుతో తవ్వుతారు, అందుకే ప్రపంచవ్యాప్తంగా ఆర్కిడ్ కుటుంబం మొత్తాన్నీ అడవి మొక్కలూ జంతువుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే సైటీస్ ఒప్పందం జాబితాల్లో పెట్టారు. మన ఫొటో వల్ల ఆ మొక్కకి ఆపద రాకూడదు.

పటమట_పిల్ల:

అందరికీ చాలా చాలా థ్యాంక్స్ అండి, ఇంత వివరంగా చెప్తారనుకోలేదు. పసరాకు మాస్టారూ, గడ్డి సంగతి మా తమ్ముడికి కూడా చదివి వినిపించా, దారం ఉండ బ్యాగులో పెట్టేశాడు. రేనాక్స్ ఆర్డర్ పెట్టా. ఇంకో రెండు డౌట్లు ఉన్నాయి. నేల మీద పడుకుని తీయాలంటే వానాకాలం పాముల భయం కదా, మీరంతా ఎట్టా జాగ్రత్త పడతారు? రెండోది, ఇంటికొచ్చాక అది ఏ మొక్కో కనుక్కోవాలంటే ఏమేం ఫొటోలు ఉండాలి?

కొండగోగు:

పాము సంగతి తేలిగ్గా తీసుకోవద్దు చెల్లెమ్మా, మన కొండల్లో రక్తపింజర ఉంటుంది, ఎండుటాకుల్లో కలిసిపోయి కదలకుండా పడుంటుంది. చీలమండ దాటే బూట్లు, దళసరి ప్యాంటు వేసుకోండి. కూర్చునే ముందు పొడుగు కర్రతో చుట్టూ ఆకులు కదిపి, ఆ తర్వాత మందపాటి పట్టా పరుచుకోండి. రాళ్ళ సందుల్లో చెయ్యి పెట్టొద్దు, కోట గోడలో ఎంత మంచి పువ్వున్నా సరే. ఒకళ్ళు కెమెరాలో మునిగినప్పుడు రెండో వాళ్ళు చుట్టూ చూస్తా ఉండాలి, మీరిద్దరు ఉన్నారు కాబట్టి ఇబ్బంది లేదు. ఒకవేళ కాటు పడితే కట్లూ కోతలూ నాటుమందులూ వద్దు, కాలు కదలనివ్వకుండా నేరుగా పెద్దాసుపత్రికి పోవాలి.

చాలామంది పట్టించుకోనిది ఇంకోటుంది, పొదల్లో కంటికి ఆనని పురుగు కుట్టి స్క్రబ్ టైఫస్ అనే జ్వరం వస్తుంది. గడ్డిలో పడుకున్న రోజు ఇంటికి రాగానే బట్టలు వేడినీళ్ళలో వేసి స్నానం చేయండి. తర్వాత రెండు మూడు వారాల్లోపు జ్వరం వచ్చి ఒంటి మీద ఎక్కడైనా నల్లటి పొక్కు కనపడితే పొదల్లో తిరిగామని డాక్టరుకి తప్పకుండా చెప్పండి, త్వరగా కనిపెడితే మామూలు యాంటీబయాటిక్‌తోనే తగ్గిపోద్ది. మధ్యాహ్నం దాటాక ఉరుము వినపడితే కోట మీద నిలబడొద్దు, వెంటనే దిగిపోండి. రోడ్డు వదిలి అడవిలోకి నడవాలంటే ముందు రోజే ఫారెస్ట్ వాళ్ళని అడిగి వెళ్ళండి.

పసరాకు:

గుర్తుపట్టటానికి కావలసినవి చెప్తాను. పువ్వు ఎదురుగా ఒకటి, పక్కనుంచి ఒకటి, ఈ పక్క ఫొటోలో వెనక గొట్టం మొత్తం చివరిదాకా కనపడాలి, హబెనేరియాలో ఆ గొట్టం పొడుగే సగం సంగతి చెప్పేస్తుంది. పెదవి ఎన్ని పాయలుగా చీలిందో కనపడేలా దగ్గరగా ఒకటి. తర్వాత ఆకులు, అవి నేలకి అంటుకుని ఉన్నాయా కాడ పొడుగునా ఉన్నాయా అని. చివరికి మొక్క మొత్తం, అది ఉన్న చోటు, పక్కన సైజు తెలియటానికి లెన్స్ మూతో స్కేలో పెట్టి ఇంకోటి. తేదీ ఎట్టాగూ కెమెరాలో ఉంటుంది. చెట్టు మీదదైతే అది ఏ చెట్టో కూడా తీయండి.

ఇవన్నీ ఉంటే ఇండియా బయోడైవర్సిటీ పోర్టల్‌లో పెట్టండి, తెలిసినవాళ్ళు చూసి చెప్తారు. ఇక్కడ కూడా పెట్టండి అమ్మా, నేను చూస్తాను. అందమైనది ఒక్కటే ఏరి పెట్టకుండా ఆకు ఫొటో, కాడ ఫొటో కూడా పెట్టండి, పువ్వొక్కటే చూసి ఫలానా జాతి అని చెప్పలేని మొక్కలు మన కొండల మీద చాలా ఉన్నాయి.